కుడిపక్కన పడిన ముంగడ

కోలారు సీమలో, బూదికోటకు రెండు మైళ్ల దూరాన ఉన్న ఒక చిన్న పల్లెలో, పాల సంఘం గది ముందర, ప్రతి ఉదయం ఆరు గంటలకు నలభైమంది క్యాన్లు పట్టుకొని వరుస కడతారు. తొమ్మిదేండ్లుగా ఆ వరుసకు ఎదురుగా నిలబడి, ఒక్కొక్క క్యానులోనుంచి గరిటెడు పాలు తీసి, యంత్రంలో పోసి, వెన్న ఎంత ఉన్నదో చూచి చెప్పే పని గంగది. ఆ పనిలో ఆమెకు భయమన్నది లేదు. నీళ్లు కలిసిన పాలను యంత్రం కంటె ముందు ఆమె కన్నే పట్టేది. "ఏమప్పా, మీ ఆవు బావిలో పడిందా?" అని ఆమె అడిగితే వరుసంతా నవ్వేది. క్యాను తెచ్చినవాడు కూడా నవ్వి, మరునాడు మంచి పాలు తెచ్చేవాడు.

అటువంటి మనిషికి నలభై రెండవ ఏట భయం పట్టుకొన్నది.

సంఘానికి కార్యదర్శిగా ఉండిన రామకృష్ణప్ప జనవరి మొదటి వారంలో గుండెపోటుతో పోయినాడు. పదునాలుగవ రోజు కర్మ ముగిసిన మరునాడే అధ్యక్షురాలు చిన్నవెంకటమ్మ బీరువా తాళపుచెవుల గుత్తి తెచ్చి గంగ చేతిలో పెట్టింది. చిన్నవెంకటమ్మది పెద్ద గొంతు. ఆమె రహస్యం చెప్పినా రెండు వీధులకు వినబడుతుంది.

"పదో క్లాసు పాసైన ఆడమనిషివి, యంత్రం తెలిసినదానివి. ఇంగెవుర్ని వెతికేది? కొత్తోళ్లు వచ్చేదాకా లెక్క నువ్వే చూడు."

"అక్కా, పాలైతే చూస్తాను. లెక్క నాకు రాదు."

"నేర్చుకో. నేను ఈ వయసులో సంతకం నేర్చుకోలేదా? బ్యాంకులో నా సంతకం చూసి ఆ పిల్లోడు ఇది కోడి గీకిందా అన్నాడు. అయినా దుడ్డు ఇచ్చినాడు కదా!"

పాల లెక్క యంత్రమే వ్రాసి పెడుతుంది. సంఘం లెక్క మాత్రం చేతివ్రాతే. ఏనాటి రాకపోకలను ఆనాడు వ్రాసుకొనే చిట్టా ఒకటి. ఆ పద్దులను మనిషివారీగా, పనివారీగా విడదీసి ఎక్కించే ఆవర్జా ఒకటి. సంవత్సరాంతాన ఆవర్జాలోని మిగుళ్లన్నింటినీ ఎడమ కుడి పక్కలుగా పేర్చి, రెండు మొత్తాలూ సమానమని చూపించే అంకణా అనే కాగితం ఒకటి. ఈ మూడింటిని గంగ అంతవరకు దూరంనుంచి చూచినదే గాని ముట్టుకొన్నది లేదు. తాళపుచెవులు తీసుకొని ఇంటికి పోతూ ఆమె దారిలో ఒక ఇంటి ముందు ఆగింది. ఆ ఇంటికి పదకొండేండ్లుగా తాళం వేసి ఉన్నది. తాళం తుప్పు పట్టి, గొళ్లెంతో కలిసి ఒకే ముద్దగా మారిపోయింది.

ఆ ఇల్లు మునివెంకటప్పది. రామకృష్ణప్పకు ముందు ఆయనే కార్యదర్శి. ఒక సంవత్సరం ఆయన అంకణాలో ఇరవైమూడు వేల నాలుగువందల రూపాయల తేడా వచ్చింది. అది ఎక్కడిదో ఆయనకు తెలియలేదు. తెలియజెప్పగలవారు ఊరిలో లేరు. ఆడిటరు రావడానికి రెండు రోజుల ముందు ఆయన తన రెండు సీమావులను బంగారుపేట సంతలో అమ్మి, ఆ డబ్బు తెచ్చి సంఘం పెట్టెలో పెట్టి, చిట్టాలో ఎడమపక్క "చేర్పు" అని ఒక్క మాట వ్రాసినాడు. లెక్క పైకి సరిపోయింది. కాని ఆవులు పోవడాన్ని ఊరు చూచింది. తినకుంటే ఎందుకు కట్టినాడని అడిగింది.  ఆయన వీధిలో నడుస్తూ ఉంటే పిల్లలు వెనుకనుంచి "ఇరవైమూడు నాలుగునూర్లు!" అని కేక వేసి పరుగెత్తేవారు. అదే ఆయన పేరైపోయింది. మూడు నెలలకు ఆయన ఆ తాళం వేసి, రాయల్పాడులో చెల్లెలి ఇంటికి పోయి, అక్కడి మామిడి తోటకు కాపలా కుదిరినాడు.

గంగ ఇంటికి, సంఘం గదికి నడుమ ఆ ఇంటి ముందునుంచి తప్ప వేరే దారి లేదు. రోజుకు నాలుగుసార్లు ఆ తాళాన్ని చూడవలసిందే. లెక్క తప్పితే ఏమవుతుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

*

గంగ పుట్టింది కోలారు బంగారు గనుల లైన్ల ఇండ్లలో. ఆమె తాత ఆంధ్రదేశంనుంచి గనిపనికి వచ్చినవాడు. తండ్రి నంజుండప్ప గని మూతపడేదాకా భూమి కింద పని చేసినవాడు. తండ్రి పోయినా, ఆయన స్నేహితుడొకడు గనుల దగ్గరి మారికుప్పంలో ఇంకా ఉన్నాడు. ఆయన పేరు ఆరోగ్యస్వామి. వయస్సు డెబ్బై ఎనిమిది. గనిలోకి దిగేవారి హాజరు చూచే టైమాఫీసులో గుమాస్తాగా చేసి, గని మూతపడ్డాక పక్కనున్న రాబర్ట్‌సన్‌పేటలో ఒక గుడ్డల అంగడికి ఇరవై ఏండ్లు లెక్కలు వ్రాసినాడు. ఫిబ్రవరి మొదటి ఆదివారం గంగ రెండు బస్సులు మారి ఆయన ఇంటికి పోయింది. ఆయన భార్య సెలీన్ తలుపు తీసింది.

"ఎవురు, నంజుండప్ప కూతురా! పాలు తెచ్చినావా, వట్టి చేతులతో వచ్చినావా?"

"తెచ్చినానత్తా, లీటరు."

"నీళ్లు ఎంత?"

"నేనే టెస్టు చేసినాను."

"అదే నా భయం," అని సెలీన్ పాలు పుచ్చుకొని లోపలికి పోయింది.

ఆరోగ్యస్వామి ఆమె చెప్పినదంతా కన్నులు మూసుకొని విన్నాడు. ఎడమపక్క డెబిట్ అని, కుడిపక్క క్రెడిట్ అని, పుచ్చుకొన్నవారు ఎడమన, ఇచ్చినవారు కుడిన అని చెప్పినాడు. గంగ వెంటనే సంచిలోనుంచి బ్యాంకు పుస్తకం తీసింది.

"మామా, దీంట్లో దుడ్డు వస్తే క్రెడిట్ అని ఉండాది. మీరేమో సంఘానికి దుడ్డు వస్తే డెబిట్ అంటా ఉండారు. ఎవురిది నిజం?"

"ఇద్దరిదీ. ఈ పుస్తకం ఎవురిది?"

"నాది."

"నీ చేతిలో ఉంటే నీదైపోతాదా పాపా? రాసింది ఎవురు? బ్యాంకు వాడు. వాడి బల్లకాడ కూచొని, వాడి లెక్కను వాడు రాసుకొని, నీకు చూపించినాడు. దుడ్డు ఇచ్చింది నువ్వు. అందుకే వాడి పుస్తకంలో నువ్వు కుడిపక్క. నీ పుస్తకంలో పుచ్చుకొన్నోడు వాడు. అందుకే వాడు ఎడమపక్క. ముందు నువ్వు ఎవురి బల్లకాడ కూచొని ఉండావో చూసుకో. పెన్ను తరవాత పట్టుకో."

గంగ తల ఊపింది గాని ముఖంలో వెలుగు రాలేదు. అది చూచి ఆరోగ్యస్వామి లేచి, గోడకు తగిలించిన రెండు చెక్క పలకలను చూపినాడు. పైదానిమీద మేకులు, కిందిదానిమీద మేకులు. ఒక మేకుకు నంబరు కొట్టిన గుండ్రటి ఇత్తడి బిళ్ల వ్రేలాడుతున్నది. గని మూతపడిన నాడు ఎవరికీ అక్కరలేదని పారవేస్తే ఆయన ఇంటికి తెచ్చుకొన్నవి.

"మీ నాయన టోకెను నాలుగునూర్ల పదిహేడు. షిఫ్టుకు దిగేటప్పుడు పై బోర్డులోనుంచి తీసి కింద బోర్డుకు తగిలిస్తాను. ఒక తావులో తగ్గినాడు, ఒక తావులో పెరిగినాడు. ఉండేది ఒకే మనిషి. రాసేది మాత్రం రెండు తావుల. ఒక తావులో తీసి ఇంగో తావులో తగిలించకపోతే ఆ మనిషి యాడ ఉండాడు? గాలిలోనా? లెక్క కూడా ఇంతే. ప్రతి రూపాయీ యాడనో తగ్గి యాడనో పెరగాల. షిఫ్టు అయినాక రెండు బోర్డులూ కలిపి చూస్తే ఒక్క మనిషి కూడా తక్కువ కాగూడదు. నీ అంకణా అదే."

గంగ ఆ పలకలను చూస్తూ నిలబడిపోయింది. తొమ్మిదేండ్ల వయస్సులో, ఒక మధ్యాహ్నం, తల్లి చేయి పట్టుకొని టైమాఫీసు కిటికీ ముందు రెండు గంటలసేపు నిలబడిన సంగతి ఆమెకు గుర్తు వచ్చింది. కింద రాయి పగిలిందని సైరన్ మ్రోగింది. పైకి వచ్చినవారి బిళ్లలన్నీ ఒక్కొక్కటే పై పలకకు ఎక్కినవి. నాలుగువందల పదిహేడు మాత్రం కింది పలకమీదనే ఉండిపోయింది. తల్లి ఆ బిళ్లనే చూస్తూ, ఏడవకుండా, కూతురి వ్రేళ్లను నొక్కి పట్టుకొన్నది. తండ్రి వచ్చినాడు, ముఖమంతా దుమ్ముతో, తన కాళ్లమీదనే నడచి వచ్చినాడు. అయినా ఆ రెండు గంటలు ఆమె కడుపులో ఎక్కడో మిగిలిపోయినవి. సరిపోని లెక్క అంటే ఏమిటో ఆమెకు పుస్తకం చదవకముందే తెలుసు.

ఆనాటినుంచి ప్రతి ఆదివారం పాఠం. చిట్టా వ్రాయడం, ఆవర్జాకు ఎక్కించడం, పుట అడుగున మొత్తం కట్టి తరువాతి పుటకు తీసుకొనిపోవడం, అన్నీ నేర్చుకొన్నది. తప్పు పడితే చెరపకూడదనీ, ఎర్రసిరాతో ఒక్క గీత గీసి పక్కన సంతకం పెట్టాలనీ, తప్పు కనబడుతూ ఉండాలనీ ఆరోగ్యస్వామి పదేపదే చెప్పినాడు. మార్చి ముగిసేనాటికి ఆమె వ్రాసిన మూడు నెలల పుటలు ముత్యాలవలె ఉన్నవి.

*

అంకణా మాత్రం సరిపోలేదు.

మే నెల చివర, సంఘం గదిలో తలుపు దగ్గరకు వేసుకొని, గంగ ఎడమ వరుసను కూడింది. ఆరు లక్షల నలభైరెండు వేల నూట ఎనభై. కుడి వరుసను కూడింది. ఆరు లక్షల అరవై వేల ఎనిమిదివందల ఇరవై. రామకృష్ణప్ప వ్రాసినంతవరకు పుటపుటకూ సరిపోతూ వచ్చింది. తేడా తన మూడు నెలల్లోదే. మళ్లీ కూడింది. నాలుగుసార్లు కూడినా అదే. పద్దెనిమిది వేల ఆరువందల నలభై.

పెట్టెలోని నగదును నేలమీద పరచి లెక్కపెట్టింది. చిట్టాలో ఎంత ఉండాలో అంతే, ఒక్క రూపాయి అటూ ఇటూ లేకుండా ఉన్నది. అందువల్ల ఆమెకు ఊరట కలుగవలసింది. కలుగలేదు. కుడిపక్క ఎక్కువ అంటే సంఘానికి ఎక్కడినుంచో అంత సొమ్ము వచ్చినట్టు, అది ఏమైనదో చూపలేనట్టు. చూచేవారు ఎవరైనా మొదట అడిగేది, ఆ సొమ్ము ఎవరి ఇంటికి పోయిందనే. తన ఇంటి ముందటి రెండు ఆవులు, గడ్డివామి, చేతి గాజులు, అన్నీ ఊరి కన్నులతో చూచుకొన్నది. ఆవులలో ఒకటి పోయిన నెలలోనే కొన్నది. దేనితో కొన్నావని అడిగితే?

ఆ వారమే ఉత్తరం వచ్చింది. ఆడిటరు జూన్ రెండవ సోమవారం వస్తాడు. ఉన్నవి తొమ్మిది రోజులు.

ఆ తొమ్మిది రోజులలో వచ్చిన మొదటి ఆదివారం ఆమె మారికుప్పం పోలేదు. గురువు ముఖం ఎట్లా చూడడమన్నది ఒక భయం. చెప్పిన మాట బయటికి పొక్కుతుందేమోనన్నది మరొకటి. పాల వరుస దగ్గర ఆమె నవ్వడం మానింది. ఒకనాడు నీళ్ల పాలను చూచి కూడా ఏమీ అనలేదు. లెక్క తప్పినదానికి ఒకరి పాలను తప్పు పట్టే అర్హత ఎక్కడిదని తోచింది. క్యాను తెచ్చినవాడే ఆశ్చర్యపడి, "ఏమక్కా, ఈ పొద్దు నా ఆవు బావిలో పడలేదా?" అన్నాడు. వరుస నవ్వింది. గంగకు ఆ నవ్వు తన్ను గూర్చినట్టే వినబడింది.

భర్త తిమ్మరాయప్ప టమోటా తోటనుంచి వచ్చి, మధ్యాహ్నం అన్నం ముందు కూర్చొని ఆమెను చూచినాడు.

"ఏమే, మూడు దినాలుగా కూడు కెలకతా ఉండావు గాని తినవు. ఆడిటరు నీ కంచం కూడా చూస్తాడా?"

గంగ చెప్పేసింది. అంకె చెప్పింది. తిమ్మరాయప్ప ముఖంలోని నవ్వు మెల్లగా తగ్గి పోయింది. ఆయన లేచి, వీధి తలుపు మూసి వచ్చి కూర్చొన్నాడు.

"తీసినావా?"

"నువ్వే అడిగితివి చూడు!"

"నేను అడగలేదే. ఊరు అడిగేది అడిగినాను." గొంతు తగ్గించి అన్నాడు: "గాజులు ఉండాయి కదా. కుదువ పెట్టు. పెట్టెలో పెట్టేయి. టమోటాకు రేటు వస్తే విడిపించుకొందాము. ఆవులు అమ్మితే ఊరు చూస్తాది. గాజులు ఎవురు చూస్తారు?"

ఆయన అన్న మాటలో మునివెంకటప్ప పేరు లేదు. అయినా ఇద్దరికీ ఆ తుప్పు తాళమే కన్నుల ముందు ఉన్నది.

*

బుధవారం ఉదయం, పాల పని ముగించి, గాజులను కొంగులో ముడి వేసుకొని, ఎవరి కంటా పడకుండా ఆవర్జాను, అంకణాను భుజం సంచిలో పెట్టుకొని, గంగ రాబర్ట్‌సన్‌పేటలో బస్సు దిగింది. కుదువ అంగళ్ల వీధిలో మూడు అంగళ్లు దాటింది. నాలుగవదాని మెట్టుమీద కాలు పెట్టి వెనక్కు తీసుకొన్నది. గాజులు ఎవరూ చూడరనుకొన్నది గాని, వీధిలోని ప్రతివాడూ తన కొంగునే చూస్తున్నట్టు అనిపించింది.

"ఏంది, ఆదివారం పాఠానికి రానిదానివి బుధవారం కుదువ అంగడికి వచ్చినావు?"

వెనుక సెలీన్. చేతిలో కూరగాయల సంచి. గంగ కొంగు ముడిమీద గుప్పిట మూసింది. సెలీన్ ఆమె కొంగును చూచింది, ముఖాన్ని చూచింది, చేతిలోని సంచిని ముందుకు చాచింది.

"ఈ సంచి పట్టుకో. బరువుగా ఉండాది. ఇంటిదాకా మోసుకొచ్చి ఇయ్యి. ఆ తరవాత నీ ఇష్టం, ఉన్నదంతా కుదువ పెట్టుకో."

సంచిలో ఉన్నవి రెండు కట్టల కొత్తిమీర, నాలుగు వంకాయలు. గంగ దానిని రెండు చేతులతో పట్టుకొని ఆమె వెంట నడచింది.

ఆరోగ్యస్వామి అంతా విని, మొట్టమొదటిసారిగా ఆమెమీద గొంతు ఎత్తినాడు.

"గాజులు పెట్టి దుడ్డు తెచ్చి పెట్టెలో వేస్తావా? నా సర్వీసులో ఒకడు ఆ పని చేసినాడు. షిఫ్టు అయింది, ఒక మేకు ఖాళీగా ఉండాది. వాడికి ఇంటికి పోయే తొందర. సొరుగులో ఊరికే పడి ఉండిన టోకెను ఒకటి తీసి ఆ మేకుకు తగిలించినాడు. బోర్డు నిండిపోయింది. చూసేదానికి ఎంత అందంగా ఉండాదో! కింద మనిషి కిందనే ఉండాడు పాపా. బోర్డు నిండింది కాబట్టి వాడిని ఎవురూ వెతకలేదు. మరునాడు నేను నంబరు చదివేదాకా."

"బతికినాడా మామా?"

 కాగితం ఆమె ముందుకు త్రోసినాడు.

"తేడా ఎంత?"

గంగ గుసగుసగా చెప్పింది.

"సగం చెయ్యి."

"ఎందుకు మామా?"

"ఎడమపక్క రాయాల్సింది కుడిపక్క రాస్తే ఎడమ తగ్గతాది, కుడి పెరగతాది. తేడా రెండింతలు కనబడతాది. సగం చేస్తే అసలు పద్దు బయటికి వస్తాది. చెయ్యి."

తొమ్మిది వేల మూడువందల ఇరవై. ఆ అంకె కాగితంమీద పడగానే గంగ గుర్తు పట్టింది. ఫిబ్రవరిలో దాణా వ్యాపారికి ముందుగా ఇచ్చిన సొమ్ము. దాణా ఏప్రిల్‌లో వచ్చింది. భుజం సంచిలోనుంచి ఆవర్జా తీసి ఆ పుట విప్పింది. "దాణా ముంగడ, 9,320." చక్కని అక్షరాలతో, కుడిపక్కన.

"ఇచ్చింది ఎవురు?"

"సంఘం."

"పుచ్చుకొన్నది?"

"దాణా ఆయప్ప."

"పుచ్చుకొన్నోడు యాడ ఉండాల?"

"ఎడమపక్క."

"మరి కుడిపక్క ఎందుకు రాసినావు? అన్ని పద్దులూ సరిగా రాసి, ఇది ఒకటి ఎందుకు తప్పినావు?"

గంగ ఆ మాటమీద వ్రేలు పెట్టింది. "ముంగడ అంటే బాకీ కదా మామా," అన్నది.

"ఎవురి బాకీ?"

 ఆమెకు తెలిసిన ముంగడ ఒక్కటే. కోలారు సీమలో ముందుగా పుచ్చుకొనే సొమ్ముకు అదే పేరు. గని మూతపడిన తరువాత తండ్రి ఇటుకల బట్టీలో పనికి కుదిరి పుచ్చుకొన్నది ముంగడ. తన పెండ్లికి తల్లి పుచ్చుకొన్నది ముంగడ. టమోటా నాటేటప్పుడు తిమ్మరాయప్ప మండీవానినుంచి ప్రతి యేటా పుచ్చుకొని, కాయలతో తీర్చి, మళ్లీ పుచ్చుకొనేది ముంగడ. ఆ మాట వినబడినప్పుడల్లా ఇంటిలో ఎవరో ఒకరు తల దించుకొన్నవారే. ముంగడ ఇచ్చే పక్కన నిలబడడం ఆమె వంశంలో ఎవరికీ తటస్థించలేదు. ఆమె చేయి ఆ మాటను వినగానే, మనస్సును అడగకుండానే, అప్పులు వ్రాసే పక్కకు పోయింది.

"నువ్వు సంఘం బల్లకాడ కూచొని నీ ఇంటి లెక్క రాసినావు," అన్నాడు ఆరోగ్యస్వామి. ఈసారి గొంతులో కోపం లేదు.

ఎర్రసిరాతో గీత గీసి, సంతకం పెట్టి, పద్దును ఎడమకు మార్చి కూడితే రెండు వరుసలూ ఆరు లక్షల యాభైఒక్క వేల ఐదువందల దగ్గర నిలిచినవి. గంగకు సంతోషం కలుగలేదు. కొంగు ముడి విప్పి, గాజులను ఒక్కొక్కటే చేతికి ఎక్కించుకోవడం మొదలుపెట్టింది. కుదువ అంగడి మెట్టు ఎక్కి ఉంటే ఏమయ్యేదో అప్పుడు తెలిసివచ్చింది. సెలీన్ కాఫీ తెచ్చి ఆమె చేతికి ఇవ్వబోయి, అది చూచి, లోటా బల్లమీదనే పెట్టింది.

*

సోమవారం పదిన్నరకు ఆడిటరు వచ్చినాడు. సన్నని మనిషి, తక్కువ మాటలు. గంగ గోడకు ఆనుకొని నిలబడింది. చిన్నవెంకటమ్మ కూర్చోమన్నా కూర్చోలేదు. ఆయన వ్రేలు ఒక్కొక్క పద్దుమీదుగా దిగుతూ, దాణా ముంగడ పుటలో ఎర్రగీత దగ్గర నిలిచింది.

"ఈ కొట్టివేత ఎవరిది?"

 చెరపి ఉంటే ఈ ప్రశ్నే రాకపోవునుగదా అని గంగకు ఒక్క క్షణం తోచింది.

"నాదే సార్. రాసిందీ నేనే, కొట్టిందీ నేనే. ఇచ్చిన ముంగడను పుచ్చుకొన్న ముంగడ అనుకొని కుడిపక్క రాసినాను."

ఆయన ఆమెను ఒకసారి తలయెత్తి చూచి, వ్రేలు ముందుకు జరిపినాడు. పన్నెండున్నరకు అంకణా చివర సంతకం పెట్టినాడు. చిన్నవెంకటమ్మ "అయిపోయిందా?" అని అడిగిన అడగడం వీధిలోని వారందరికీ వినబడింది.

"ఒక్కటి మిగిలింది," అన్నాడు ఆడిటరు. "పదకొండేండ్లుగా ఒక బాకీ పద్దు ఏ యేటికి ఆ యేడు కొత్త పుస్తకానికి ఎక్కుతూ వస్తున్నది. గోడ కట్టిన మేస్త్రికి సంఘం పదకొండు వేల ఏడువందలు బాకీ ఉన్నట్టు. పదకొండేండ్లు అడగని మేస్త్రి ఉంటాడా? అసలు చిట్టా చూసి, అది ఏమిటో తేల్చి, నాకు ఉత్తరం రాయండి."

ఆయన పోయినాడు.  పదకొండు వేల ఏడువందలు. గంగ దానిని సగం చేయలేదు, రెండింతలు చేసింది. వచ్చిన అంకె ఊరిలో పసిపిల్లలకు కూడా తెలిసినదే.

బీరువా కింది అరలో, గుడ్డలో చుట్టి, పాత పుస్తకాలున్నవి. ఆ సంవత్సరపు చిట్టాలో మునివెంకటప్ప గుండ్రని వ్రాత: "గోడ పనికి మేస్త్రికి ముంగడ ఇచ్చినది, 11,700." పక్కన మేస్త్రి వ్రేలిముద్ర. ఆవర్జాలో అదే ముంగడ, కుడిపక్కన. అట్ట లోపలివైపు పెన్సిలుతో ఇరవైమూడు వేల నాలుగువందలు అని పదిసార్లో, పదిహేనుసార్లో వ్రాసి ఉన్నది. తీసివేసి చూచినాడు, కూడి చూచినాడు, అంకెలు తారుమారైనవేమోనని తొమ్మిదితో భాగించి చూచినాడు. రెండుతో భాగించి చూడలేదు.

గంగ అధ్యక్షురాలిని పిలిచి, ఆ పుట చూపి, ఆరోగ్యస్వామి తనకు చెప్పినట్టే, మెల్లగా, రెండుసార్లు చెప్పింది. చెప్పేటప్పుడు కూడా ఆమెకు భయమే. తాత్కాలికపు ఉద్యోగం, తాళపుచెవులు ఇచ్చిన చేయే తిరిగి అడుగవచ్చు. చిన్నవెంకటమ్మ మెట్టుమీద కూర్చొన్నది. ఆమె గొంతు తగ్గడం గంగ మొదటిసారి విన్నది.

"అంటే ఆయప్ప తినలేదా?"

"లేదక్కా. పైపెచ్చు ఆవులమ్మిన దుడ్డు ఇరవైమూడు వేల నాలుగునూర్లు ఇచ్చినాడు. అది సంఘంలోనే ఉండాది. మనమే ఆయప్పకు బాకీ."

"ఇప్పుడు ఎందుకే ఇది తవ్వితివి?" కొంగు నోటికి అడ్డం పెట్టుకొని మళ్లీ అన్నది: "ఆయప్ప తిన్నాడని ఊర్లో ముందు అన్నది నేనే, తెలుసునా? సంఘం ముందర, క్యాన్ల వరుసలో నిలబడి, అందరికీ వినబడేట్టు అంటిని."

గంగ ఆ పాత ఆవర్జాను తెచ్చి బల్లమీద పెట్టింది.

"సాయంత్రం పాలకు అందరూ వస్తారు," అన్నది చిన్నవెంకటమ్మ లేస్తూ. "అదే వరుసలో చెప్తాను. రాళ్లు వేస్తే నా మీదనే వేయనీ. నువ్వు ముందు ఆయప్పకు ఫోను చెయ్యి."

రాయల్పాడు నంబరు తిమ్మరాయప్ప సంపాదించి ఇచ్చినాడు. నాలుగు గంటలకు గంగ సంఘం గదిలో బల్ల ముందు కూర్చొని ఫోను చేసింది. ఎదుట పాత ఆవర్జా తెరచి ఉన్నది. అవతలినుంచి ముసలి గొంతు పలికింది.

"అప్పా, నేను గంగను. పాల సంఘం నుంచి మాట్లాడతా ఉండాను."

ఆ మాట వినగానే గొంతు మారిపోయింది. "నేను కట్టేసినాను కదమ్మా! ఇంగా ఏమి ఉండాది? నా దగ్గర ఇంగేమీ లేదు."

"అయ్యో, దానికి కాదప్పా. మేస్త్రికిచ్చిన ముంగడ, పదకొండు వేల ఏడునూర్లు..."

"ఆయప్ప చేతికే ఇచ్చినాను తల్లీ! వేలుముద్ర కూడా ఉండాది, చూడు."

"చూసినానప్పా. ఉండాది. పుస్తకంలో దాన్ని ఏ పక్క రాసినావో గుర్తుండాదా?"

 "కుడిపక్క," అన్నాడు మునివెంకటప్ప. "ముంగడ అంటే బాకీ కదమ్మా."

తన నోట వచ్చిన మాటలే, అక్షరం తప్పకుండా. గంగ బల్ల అంచు పట్టుకొన్నది. తరువాత, తనకు అర్థమైన తీరుననే, తొందర లేకుండా చెప్పింది. మేస్త్రి పుచ్చుకొన్నవాడని, ఎడమపక్క ఉండవలసినవాడని, తేడా అందువల్ల రెండింతలైందని, ఏ రూపాయీ ఎక్కడికీ పోలేదని, ఆవుల డబ్బు సంఘం ఆయనకు తిరిగి ఇవ్వాలని. తాను కూడా పోయిన బుధవారం కుదువ అంగడి మెట్టుదాకా పోయి వచ్చినానని చెప్పింది.

 బయట క్యాన్లు ఒకదానికొకటి తగులుతూ వరుస కడుతున్నవి. చిన్నవెంకటమ్మ పెద్ద గొంతు ఏదో మొదలుపెట్టి, ఆగి, మళ్లీ మొదలుపెట్టింది. వరుసలోని మాటలన్నీ ఒక్కసారిగా నిలిచిపోయినవి.

"ఈ మాట పుస్తకంలో రాస్తారా అమ్మా?" అన్నాడు మునివెంకటప్ప చివరకు. ఆ గొంతులో భయం ఇంకా పోలేదు. "ఊరికే నోటితో చెప్తే రేపు మళ్లీ మారిపోతాది."

"రాస్తానప్పా. ఎర్రసిరాతో."

"పక్కన ఎవురన్నా సంతకం పెడతారా?"

గంగ కలం మూత తీసి, ఆవర్జాను తన వైపు జరుపుకొన్నది.

"నేను పెడతానప్పా. పెట్టినాక చదివి వినిపిస్తాను. ఫోను పెట్టేయొద్దు, అట్లే ఉండు."